నడిమోడు ఉండాల్నా, పోవాల్నా

ఏర్గట్ల నుంచి బోధన్‌కు కోడలిగా వచ్చేనాటికి ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఒక్కటే, బంతి గుండ్రంగా ఉంటుందని. మా వైపు పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, కళ్లంలో ఎండబెట్టడం తెలుసు. ఇరవై ఇద్దరు మగవాళ్లు ఒక్క బంతి వెంట గంటన్నర పరుగెత్తడమూ, అది చూడటానికి ఊరు ఊరంతా పనులు మానుకోవడమూ పెళ్లయ్యాకే చూశాను.

అత్తగారిల్లు ఆటల గ్రౌండుకు ఎదురుగా ఉండేది. మధ్యలో ఒక మట్టిరోడ్డు, నడుమెత్తు గోడ. గోడకు అవతలే గోల్‌పోస్టు. వల అక్కడక్కడా చిరిగిపోయి ఉండేది. గట్టిగా కొట్టిన బంతి అందులోంచి దూరి, గోడ దాటి, మా అరుగు మీదికే వచ్చేది. ఆ అరుగు మీద మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా మా అత్త, నేను ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. పక్కింటి సిస్టరమ్మ కూడా వచ్చి కూర్చునేది. ఆమె ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. బీడీలు చుట్టేది కాదు, కానీ ఖాళీగా కూర్చోవడం చేతకాక మా కట్టలకు దారం కట్టిపెట్టేది. ఆదివారం పొద్దున చర్చికి, సాయంత్రం మా అరుగు మీదికి, రెండింటికీ ఒకే తెల్లచీర.

పెళ్లయిన మూడో వారం అనుకుంటా, బంతి నేరుగా వచ్చి నా చాటలో పడింది. కత్తిరించి పెట్టుకున్న తునికాకు గాల్లోకి లేచింది. తంబాకు కళ్లలో పడింది. కొత్త కోడల్ని, ఏడవాలా నవ్వాలా తెలియలేదు. అత్త నా వైపు చూడనే లేదు. గోడ వైపు తిరిగి, "గోలా, అవుటా?" అని అరిచింది. అవతలి నుంచి "గోలు, అవ్వా!" అని జవాబు వచ్చాక అప్పుడు నా కళ్లలోకి నీళ్లు చిలకరించింది.

అత్తకు యాభై దాటాయి. మామ పోయి అప్పటికి చాలా ఏళ్లు. ఆయన ఆడేవాడేమో, అందుకే ఈమెకింత పిచ్చేమో అనుకుని ఒకసారి అడిగాను.

"మీ మామనా? ఆయన బజారుదాంక నడిస్తెనే దమ్ము వట్టి కూసునెటోడు," అంది.

 పాతికేళ్లుగా ఆమె చేతులు బీడీల మీద, కళ్లు గ్రౌండు మీద. బీడీ చుట్టడానికి కళ్ల అవసరం లేదని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది. ఖాళీగా ఉన్న కళ్లకు ఎదురుగా ఫుట్‌బాల్ ఉంది.

ఆట చూడటం నాకూ ఆమే నేర్పింది. మొదట్లో నేను బంతి వెంటే చూసేదాన్ని. "బంతిని సూడకు పిల్లా," అనేది. "బంతి యాడికి వోతదో ఎవనికి ఎర్కనో వాన్ని సూడు. గోలు గొట్టెటోన్ని అందరు సూస్తరు. గా బంతి వానికి ఎవలిచ్చిండ్రో సూడాలె."

అలా చూస్తే నాకు కనపడినవాడు నడిమోడు.

అది అతని పేరు కాదు. గ్రౌండు నడుమ ఆడేవాడు కాబట్టి ఊరు పెట్టిన పేరు. పేపర్లో అలాంటివాళ్లను మిడ్‌ఫీల్డర్ అంటారని తర్వాత తెలిసింది. మంజీర అవతలి పల్లె అతనిది, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. సన్నగా, కొంచెం వంగి నడిచేవాడు. బంతి కాలికి తగిలేవరకూ మనిషి గ్రౌండులో ఉన్నట్టే ఉండేది కాదు. తగిలాక మిగతా ఇరవై ఒక్కమందీ లేనట్టుండేది. ఎంత ఎండలోనైనా చొక్కా మెడగుండీ పెట్టుకునే ఆడేవాడు. అది చూసి బోధన్ కుర్రకారు చాలామంది మెడ గుండీలు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు.

అతను చెరుకు బండితో వచ్చేవాడు. గానుగ సీజన్లో చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల లైను ఎంత పొడుగుండేదంటే, పొద్దున వచ్చిన బండి తూకం వేసే కాటా దగ్గరికి చేరేసరికి మర్నాడయ్యేది. అతను, వాళ్లన్న కలిసి వచ్చేవాళ్లు. ఎడ్లను, బండిని అన్నకు అప్పజెప్పి, ఇతను నడుచుకుంటూ గ్రౌండుకు వచ్చి ఆడి, మళ్లీ లైనులోకి వెళ్లేవాడు. మ్యాచ్ ఉన్న రోజు మా ఆయన పొద్దున్నే సైకిలేసుకుని బండ్ల లైను వెంట తొక్కుకుంటూ పోయి చూసొచ్చేవాడు. ఆయనకు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం. దుకాణం తెరవడం ఆలస్యమైనా ఈ పని మానేవాడు కాదు. తిరిగొచ్చి అరుగు ముందు బ్రేకు వేసి, "అచ్చిండే అవ్వా, చింతచెట్టు కాడ ఉన్నది బండి. రేపటిదాంక కదలది," అంటే అత్త ఆ పూట కూరలో ఇంకో చెంచా నూనె వేసేది. బండి కాటాకు దగ్గరలో ఉంటే మాత్రం ఇంట్లో దిగులు. లైను తొందరగా కదిలితే అతను ఆడకుండానే ఊరికి వెళ్లిపోతాడు కదా. బండ్లు మెల్లగా కదలాలని కోరుకున్న మనుషులు ఆ జిల్లా మొత్తంలో మా వీధివాళ్లే అయివుంటారు.

మూడు సీజన్లు అలా గడిచాయి. మూడో సీజను మధ్యలో, శివరాత్రి ఇంకో పది రోజులుందనగా, మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి, చేతులు కడుక్కోకుండానే పీట మీద కూర్చున్నాడు.

"నడిమోడు వోతున్నడట," అన్నాడు.

"యాడికి?" అంది అత్త, గరిటె ఆపి.

"నిజామాబాద్‌కు. ఏదో సర్కారు ఆఫీసు టీముల తీసుకుంటున్నరట. నౌకరి గూడ ఇస్తరట. అటెండరు పని."

అత్త గరిటె గిన్నెలో వదిలేసి బయటికి వెళ్లింది. అన్నం నేనే పెట్టాను. బయటినుంచి ఆమె గొంతు వినిపించింది, ఎవరితోనూ కాదు, గోల్‌పోస్టుతో అన్నట్టు: "చాయ్ గ్లాసులు మోసెతందుకా గా కాలు?"

ఆ రోజు నుంచి బోధన్ రెండు ముక్కలైంది. నేను కాస్త పెద్ద చేసి చెబుతున్నానని మీకనిపించవచ్చు. కానీ మా వీధికి బోధనంటే మా వీధే. మగవాళ్ల సభ గ్రౌండు గేటు దగ్గర జరిగేది. అక్కడ కబాబుల చాచా సాయంత్రం సిగిడి ముట్టించి, బొగ్గుల మీద సీకులు తిప్పుతూ ఉండేవాడు. ఒక చేత్తో విసనకర్ర, ఒక చేత్తో సీకులు. వాదన ముదిరితే విసనకర్ర తిప్పడం ఆపేసేవాడు. బొగ్గులు నల్లబడేవి, కబాబులు పచ్చిగానే ఉండేవి. ఎవరైనా అరిస్తే మళ్లీ విసిరేవాడు. ఆడవాళ్ల సభ మా అరుగు మీద. రెండు సభల మధ్య రాయబారి మా ఆయన.

మా ఇంట్లోనే రెండు పార్టీలు. అత్త ఉండాలంటుంది. మా ఆయన పోవాలంటాడు. సిస్టరమ్మ కూడా పోవాలనే.

"సర్కారు నౌకరి అక్కా," అనేది సిస్టరమ్మ, దారం పంటితో తెంపుతూ. "ముసలితనాన పింఛిని అస్తది. కాలు ఎన్నొద్దులుంటది? నేను ఆస్పత్రిల ఎన్ని మోకాళ్లు జూడలే?"

"అయ్యో, ఇప్పుడే వాని మోకాలు ఇరగ్గొడ్తున్నవా?"

"ఇరుగుతదని అన్ననా? ఇరిగితె అంటున్న."

"పొద్దు గూకెటాల్ల గసోంటి మాటలు అనకు."

ఇంకోరోజు అత్త కొత్త లెక్కతో వచ్చింది. బోధన్ బియ్యం, బోధన్ బెల్లం నిజామాబాద్ తీసుకుంటుంది, ఇప్పుడు మనిషినీ తీసుకుంటుందా అని. దానికి మా ఆయన, "వాడు బోధనోడు గాదు గదనే, మంజీర అవుతలోడు," అన్నాడు. ఆ పూట ఆయనకు అత్త పప్పు మాత్రమే వడ్డించింది. కూర ఉందని మా ఇద్దరికీ తెలుసు.

నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. అతను ఆడటం మానేస్తే సాయంత్రాలు ఎట్లా గడుస్తాయన్న దిగులొకటి. తీరా అతన్ని దగ్గరి నుంచి చూసినప్పుడు, అంటే హాఫ్ టైములో మా అరుగు దగ్గరికి వచ్చి చెంబెత్తి నీళ్లు తాగేటప్పుడు, చేతుల నిండా చెరుకాకు కోసిన గీతలు కనపడేవి. అప్పుడు పోతేనే మంచిదనిపించేది. చెంబు తిరిగి ఇస్తూ అత్తను "ఆయీ" అనేవాడు. మరాఠీలో అమ్మ అని. అంతకుమించి మాట్లాడింది లేదు. ఆమె అయినా, "రెండో హాఫుల ఎడమదిక్కు సూడు, ఖాళీ ఉన్నది," అని ఆటే చెప్పేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దుబాయ్ నుంచి మా ఆడబిడ్డ భర్త సెలవు మీద వచ్చాడు. వచ్చేటప్పుడు తాళ్లతో కట్టిన పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందులో టీవీ ఉందని మా ఆడబిడ్డ అప్పటికే వీధిలో చెప్పేసింది. మా అరుగు మీదే పెట్టె విప్పారు. లోపలినుంచి ఎర్రటి గుండు లాంటిది ఒకటి వచ్చింది. మూడు కాళ్లు, పైన మూత, మూతకు పిడి, లోపల ఇనుప జాలి.

"అల్లుడా, గిదేంది?" అంది అత్త.

"బార్బెక్యూ, అత్తమ్మా."

"బార్బరు క్యూనా? అంటె కటింగ్ షాపు ముంగట లైనా?"

"కాదత్తమ్మా. మాంసం కాల్చుకునేది. దుబాయ్‌ల శుక్రారం శుక్రారం అందరు సముద్రం ఒడ్డుకు వోయి కాల్చుకుంటరు."

మా ఆడబిడ్డ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అల్లుడికి మాత్రం ఉత్సాహం తగ్గలేదు. నడిమోడి గొడవంతా విన్నాడు. విని, "గింత పంచాయితి ఎందుకు? ఆయ్తారం మ్యాచ్ అయినంక వాన్నే పిలుద్దం. బార్బెక్యూ వెడ్దం. ఉంటడో, పోతడో వాన్నే అడుగుదం," అన్నాడు.

ఇన్ని రోజుల వాదనలో ఈ ఆలోచన మాలో ఒక్కరికి కూడా రాలేదు. అతన్నే అడగడం.

అందరూ ఒప్పుకున్నారు. అయితే విందు దేనికన్నది తేలలేదు. పోవాలనేవాళ్లు అది వీడ్కోలు అనుకున్నారు. అత్త మాత్రం, కడుపునిండా పెట్టి కదలకుండా చేయడానికని చెప్పింది. చాచాను పిలిచారు. ఆయన మూత తీసి, మూత పెట్టి, జాలిని వేలితో మీటి చూశాడు. "మూత ఏసి కబాబ్ చేస్తరా? కబాబ్‌కు గాలి గావాలె బాబూ," అన్నాడు అల్లుడితో. అయినా మాంసం బాధ్యత తనదేనన్నాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి, పచ్చిబొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి పెద్ద గిన్నెలో నానబెట్టి వెళ్లాడు. ఇస్త్రీ దుకాణం నుంచి మా ఆయన అరబస్తా బొగ్గులు తెచ్చాడు.

ఆ మ్యాచ్ మేం గెలిచాం. గోలు కొట్టింది ఎవరో గుర్తులేదు. దానికి ముందు బంతి ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు.

ఎండ ఇంకా ఉండగానే అల్లుడు ఎర్రగుండులో బొగ్గులు పోశాడు. అంటుకోలేదు. కిరసనాయిలు పోయబోయాడు. చాచా చెయ్యి పట్టుకున్నాడు. "కిరసనాయిల్ పోస్తె కబాబ్ గాదు బాబూ, లాంతర్ అయితది!" అన్నాడు. చాచా అటు తిరగ్గానే మా ఆయన ఎండిన చెరుకు పిప్పి గుప్పెడు తెచ్చి అందులో వేసి అగ్గిపుల్ల గీశాడు. పిప్పి ఎట్లా మండుతుందో చెరుకు ఊళ్లో పుట్టిన మనిషికి తెలిసుండాలి. మంట భగ్గుమని చూరుదాకా లేచింది. అల్లుడు ఎగిరి వెనక్కు దూకాడు. మీసం ఒక పక్క కురచైంది. భయపడి మూత వేసేశాడు. మంటతోపాటు బొగ్గులూ ఆరిపోయాయి. గోడ మీద కూర్చున్న ఆటగాళ్లంతా చప్పట్లు కొట్టారు. సిస్టరమ్మ లోపలికెళ్లి మీసానికి మందు పట్టుకొచ్చింది.

 చాచా గేటు దగ్గరికెళ్లి తన సిగిడి మోసుకొచ్చి పక్కన పెట్టుకుని, అయిదు నిమిషాల్లో బొగ్గులు ఎర్రగా చేశాడు. సీకుల మీంచి కొవ్వు బొట్లు బొట్లుగా రాలి, బొగ్గుల మీద పడి చుయ్యిమంటుంటే వీధి వీధంతా వాసన నిండింది.

అప్పుడొచ్చారు నడిమోడు, వాళ్లన్న. అన్నను మేం చూడటం అదే మొదలు. ఉతికిన చొక్కా, తల మీద తెల్ల టోపీ. ఆ రోజు బండి కాటా అయిపోయిందట, ఎడ్లను మా గోడకే కట్టేశారు. చాచా మొదటి సీకు తీసి, ఆకులో పెట్టి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండి నడిమోడి చేతికిచ్చాడు. అందరం అతని నోటివైపే చూస్తున్నాం. అతను ఆకు పట్టుకుని నిలబడ్డాడు. అన్న వైపు చూశాడు. తర్వాత ఎన్నడూ విప్పని మెడగుండీ విప్పాడు. లోపల, మెడకు అంటుకుని, తులసిపూసల మాల.

"మేము మాలకరీలం, చాచా," అన్నాడు సిగ్గుపడుతూ. "పండరిపురం విఠోబా మాల. మాంసం ముట్టం."

 మూడేళ్లుగా ఊరి కుర్రాళ్లు గుండీ పెట్టుకుని తిరిగింది దేన్ని చూసో అప్పుడు తెలిసింది. అతని ఎడమకాలు ఎట్లా తిరుగుతుందో, ఏ నిమిషంలో అలసిపోతాడో, వానపడితే ఏ చెప్పు వేసుకుంటాడో కూడా మాకు తెలుసు. ఏం తింటాడో ఎవరమూ అడగలేదు.

అందరికంటే ముందు తేరుకుంది అత్తే. "పిల్లా, ఇంట్ల కందగడ్డలున్నయా?" అంది. శివరాత్రికని తెచ్చిన చిలగడదుంపలు బుట్టెడు ఉన్నాయి. నాలుగు వంకాయలు కూడా ఉన్నాయి. చాచా ఎర్రటి బొగ్గులు కొన్ని తీసి అల్లుడి గుండులో పోశాడు. మాంసం తగలని పొయ్యి అదొక్కటే కదా. జాలి మీద వంకాయలు, కందగడ్డలు పెట్టి మూత వేశారు. మూత కింద అవి మెల్లగా, బ్రహ్మాండంగా మగ్గాయి. అల్లుడు మాడిన మీసం నిమురుకుంటూ, "జూసిండ్రా మరి!" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. నడిమోడి అన్న ఒక వంకాయ తొక్క తీసి, ఉప్పు, పచ్చిమిర్చి వేసి చేత్తోనే మెదిపి పెట్టాడు. వాళ్లింట్లో అట్లాగే చేస్తారట. అత్త రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

తిన్నాక అత్త చెయ్యి కడుక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"సూడు బిడ్డా, నువ్వు పోవద్దు," అంది. "గాడ నువ్వు గ్లాసులు మోస్తవు. గీడ నిన్ను మేము మోస్తం."

అతను కందగడ్డ తొక్క వలిచి పక్కన పెట్టాడు.

"ఆయీ, నాకు ఆట ఎవరూ నేర్పలేదు," అన్నాడు. "అడ్డం బంతి ఎందుకిచ్చిన, ముందరికి ఎందుకిచ్చిన, అడిగితె చెప్పరాదు నాకు. గాడ పొద్దున పొద్దున ప్రాక్టీసు ఉంటదట. నేర్పెటాయన ఉన్నడట. నేనేం చేస్తున్ననో నాకు తెల్వాలె గదా."

"ఎవరూ నేర్పలేదా?" అత్త గొంతు లేచింది. "మరి మూడేండ్ల సంది గీ అరుగు మీదికెల్లి ఒర్రుతున్నది ఎవలు?"

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. "మీరు చెప్పింది ఇనవడేది ఆయీ. ఎడమదిక్కు అంటె ఎడమదిక్కే ఇచ్చిన. కాని గ్రౌండు ఇంకో పక్కకు వోతె మీరు ఇనవడరు," అన్నాడు.

 అత్త పాతికేళ్లు అరిచింది కానీ, ఆ అరుపు ఎవరి చెవికైనా చేరుతుందని ఆమె అనుకోలేదని నాకప్పుడు అర్థమైంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పొగ, అంది.

అప్పుడు అన్న మెల్లగా అన్నాడు. "నేను వీని ఆట ఒక్కసారి గూడ సూడలేదమ్మా. వీడు ఆడుతుంటె ఎడ్లకాడ ఎవరుండాలె? అందరు మంచిగాడుతడు అంటుంటె ఇన్న, గంతే. నౌకరిల పడితె నేనూ ఒకపారి వోయి సూస్త."

ఆ మాటతో వాదన అయిపోయింది. మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని, గోడ అవతల పోతున్నవాళ్లను పిలిచి మరీ, "పోవాలెనని నేను మొదటి సంది జెప్తనే ఉన్న. ఇంటరా ఎవలన్న?" అంటున్న అత్తను చూసి సిస్టరమ్మ దారం ఉండ కింద పడేసుకుంది.

నడిమోడు వెళ్లాడు. మా టీము ఆ సంవత్సరం సగం మ్యాచ్‌లు ఓడిపోయింది. నడుమ ఆడటానికి ఇద్దరిని పెట్టి చూశారు. ఇద్దరూ ఒకళ్లకొకళ్లు అడ్డం తగిలేవాళ్లు.

మరుసటి ఏడు చలికాలంలో నిజామాబాద్‌లో టోర్నమెంటు. మా టీముకు మొదటి మ్యాచే నడిమోడి టీముతో. మేం ఒక బస్సు మాట్లాడుకున్నాం. ఆడవాళ్లలో అత్త, సిస్టరమ్మ, నేను. బీడీల పని ఆ ఒక్కరోజూ ఆపేశాం. దారిపొడుగునా మా ఆయన అత్తకు పాఠం చెప్పాడు: ఈరోజు నడిమోడు మన మనిషి కాదు, అతను ఆడితే మనం చప్పట్లు కొట్టకూడదు. "నాకెర్కలేదా?" అని అత్త కసిరింది.

గ్రౌండుకు చేరాక మొదట కనపడింది నడిమోడి అన్న. తెల్ల టోపీ, కొత్త ధోవతి. తెల్లారకముందే మంజీర దాటి వచ్చాడట. మా పక్కనే కూర్చున్నాడు. ఆటగాళ్లు దిగారు. వాళ్ల టీములో నడిమోడు లేడు. వెతికితే, ఎదురుగా బెంచీ మీద ఉన్నాడు, తువ్వాల భుజాన వేసుకుని. ఇరవై నిమిషాల్లో మేం గోలు కొట్టాం. మావాళ్లు ఎగిరి గంతులేశారు. అన్న చప్పట్లు కొట్టలేదు, బాధపడనూ లేదు. బెంచీ వైపే చూస్తూ కూర్చున్నాడు. హాఫ్ టైమయ్యేదాకా అదే చూపు.

విజిల్ ఊదగానే అత్త లేచింది.

"యాడికే అవ్వా?" అన్నాడు మా ఆయన.

"నీళ్లు తాగస్త."

ఆమె నీళ్ల కుండ వైపు వెళ్లలేదు. గ్రౌండు చుట్టూ తిరిగి, తాడు కిందినుంచి వంగి దూరి, నేరుగా వాళ్ల బెంచీ దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. ఈల మెడలో వేసుకున్న పెద్దమనిషి, వాళ్ల కోచ్ అనుకుంటా, ఎవరో ఆటగాడి తల్లి అనుకుని దండం పెట్టాడు.

"సార్, మా పిలగాన్ని ఎందుకు గూసోవెట్టిండ్రు?" అంది అత్త.

"మీ అబ్బాయా, అమ్మా?"

"మా అబ్బాయే. వాని అన్న మంజీర దాటి అచ్చిండు సూడనీకి. బెంచీ సూడనీకి అచ్చిండా ఆయన?"

నడిమోడు లేచి నిలబడి, "ఆయీ, ఊకో ఆయీ," అంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కోచ్ నవ్వును ఆపుకుంటూ, "చూద్దాం లెండమ్మా, మీరు వెళ్లి కూర్చోండి," అన్నాడు. మేం తిరిగి వస్తుంటే మా ఆయన తల పట్టుకుని ఎదురొచ్చాడు.

"అవ్వా, మనం గెలుస్తున్నమే! వాడు కూసుంటెనే మనకు మంచిది!"

"గెలిస్తె గెలిసినవు, తియ్యి," అంది అత్త.

రెండో సగం మొదలైంది. దిగినవాళ్లలో నడిమోడు ఉన్నాడు. అత్త మాట విని దింపాడో, తన టీము ఒక గోలు వెనకబడిందని దింపాడో ఆ కోచ్‌కే తెలియాలి. బోధన్‌లో మాత్రం ఇప్పటికీ అత్త మాట వినే దింపాడంటారు. అతను మారాడు. వంగి నడవడం పోయింది. బంతి రాకముందే తల తిప్పి నాలుగు వైపులా చూసుకుంటున్నాడు. ఒకప్పుడు ముగ్గురిని తప్పించి ఇచ్చే బంతిని ఇప్పుడు ఎవరూ దగ్గరికి రాకముందే ఇచ్చేస్తున్నాడు. మావాళ్లు అతని కోసం పరుగెత్తేసరికి బంతి అక్కడ ఉండటం లేదు. వాళ్ల మొదటి గోలు అట్లా పడింది. రెండోది ఆట ముగియడానికి పది నిమిషాల ముందు, అతనే, దూరం నుంచి, నేలను రాసుకుంటూ.

మా బస్సువాళ్లంతా రాళ్లలా కూర్చున్నారు. నేను పక్కకు చూశాను. అన్న టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చెప్పలేను. అత్త అతని భుజం మీద తట్టి, "జూసినవా? గది వాని ఆట," అంటోంది.

ఆట అయ్యాక నడిమోడు మా దగ్గరికి వచ్చాడు. అన్న కాళ్లకు మొక్కాడు. తర్వాత అత్త కాళ్లకు. "నేర్చుకున్న ఆయీ," అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు కానీ వాళ్లవాళ్లు ఫోటోకు పిలిచారు. అన్న చెయ్యి పట్టుకుని తనతోపాటు ఫోటోకు లాక్కెళ్లాడు. అన్న టోపీ సవరించుకుంటూ వెళ్లాడు.

తిరుగు బస్సులో అత్తతో ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరిగి చూడలేదు. ఓడిన ఆటగాళ్లు కిటికీలకు తలలు ఆనించుకున్నారు. సిస్టరమ్మ ఒక్కతే, "మంచిగనే సేసినవక్కా," అని మెల్లగా అంది. అది కూడా ముందు సీట్లవాళ్లకు వినపడేంత మెల్లగా.

ఎడపల్లి దాటాక మా కెప్టెన్ ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. 

"అవ్వా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. వచ్చే ఏడు టోర్నమెంటుకు నువ్వు ఇంట్లనే ఉంటవా?"

 అత్త నిజంగానే ఆలోచించింది.

"నువ్వు జర ఎడమదిక్కు ఆడుడు నేర్సుకో," అంది. "గప్పుడు ఆలోచన జేస్త."

ముందు సీట్లో మా ఆయన భుజాలు కదలడం చూశాను. మొదట ఏడుస్తున్నాడనుకున్నాను. తర్వాత నవ్వు బయటికే వినపడింది. బోధన్ వచ్చేసరికి కెప్టెన్ అత్త సీటు పక్కన చేరి, ఎడమదిక్కు ఆడటమంటే ఎట్లాగో అడుగుతున్నాడు. ఆమె వేళ్లతో సీటు వెనక గీతలు గీసి చూపిస్తోంది. బస్సు ఆగినా ఇద్దరూ దిగలేదు.